ఎల్‌కేజీ చదవకపోతే కొంప మునుగుతుందా?

జూన్ నెల వచ్చిందంటే చాలు, మన ఆడవాళ్లకు రెండే బెంగలు. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలిందా లేదా అన్నది ఒకటి, పిల్లల బడి ఫీజులు రెండోది. మొదటిదానికి ఇంత నూనె కాచి చల్లార్చి పోస్తే సరిపోతుంది. రెండోదానికే ఎంత పోసినా చాలదు!

మొన్న అలాంటి జూన్ ఆదివారం పొద్దున్నే చారు పోపు పెట్టబోతుంటే, పై వాటాలో అద్దెకుండే అమ్మాయి వెనక గుమ్మంలోంచి వచ్చింది. చంకలో నాలుగున్నరేళ్ల బుజ్జిగాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"పిన్నిగారూ, వీణ్ణి ఈ ఏడు బళ్లో వెయ్యకపోతే కేసేమైనా పెడతారా?" అంది.

నాకు నవ్వొచ్చింది. కానీ ఆ పిల్ల కళ్లు చూశాక నవ్వు ఆగిపోయింది. రాత్రంతా ఏడ్చినట్టుంది.

సంగతేమిటంటే, కిందటేడు బుజ్జిగాణ్ణి ఎల్‌కేజీలో వేశారు. రోజూ ఏడుపే. నవంబరులో టైఫాయిడ్ వచ్చి నెల్లాళ్లు మంచం మీదే ఉన్నాడు. లేచాక బడి పేరెత్తితే చాలు, రాత్రిళ్లు పక్క తడిపేవాడు. సంక్రాంతి నుంచి మాన్పించేశారు. ఇప్పుడు ఆ బడివాళ్లు, "హాజరు డెబ్భై అయిదు శాతం లేదు, యూకేజీకి పంపించం. మళ్లీ ఎల్‌కేజీ చదవాలి, మొత్తం ఫీజు కట్టాలి. యూకేజీ లేకుండా ఒకటో తరగతిలో సీటు ఎక్కడా దొరకదు" అన్నారట. వాళ్లాయన కట్టేద్దామంటాడు. అత్తగారు "ఇంట్లో ఉంచితే మొద్దబ్బాయి అవుతాడు" అంటారు. నలభై వేలు కట్టాలి. ఇంట్లో అంత డబ్బు లేదు. ఈ పిల్ల చేతి గాజులు బ్యాంకులో పెట్టాలి.

"అసలు ఎల్‌కేజీ తప్పనిసరా పిన్నిగారూ?" అని అడిగింది.

ఈ ప్రశ్న ఆ అమ్మాయిది ఒక్కర్తిదే కాదు. మీలో ఎంతమంది ఇళ్లల్లో ఇదే రభస జరుగుతోందో నాకు తెలుసు. అందుకే ఈ వారం వంటలూ వార్పులూ పక్కన పెట్టి ఈ మాటే మాట్లాడుకుందాం.

చట్టం ఏమంటోంది?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మన దేశంలో ఎల్‌కేజీ, యూకేజీ చదివించి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదు. పిల్లవాడికి ఆరేళ్లు నిండేదాకా బడికి పంపకపోయినా తల్లిదండ్రుల మీద ఏ కేసూ ఉండదు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అది ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు ఉన్న పిల్లలకు వర్తిస్తుంది. దానికి మూలం 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ. ఆ సవరణతోనే చదువు ప్రాథమిక హక్కుగా రాజ్యాంగంలోకి ఎక్కింది. ఆరేళ్లలోపు పసివాళ్ల సంగతి 45వ అధికరణంలో ఉంది. వాళ్ల సంరక్షణకూ, చదువుకూ ఏర్పాట్లు చేయడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని అందులో రాశారు. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్‌లోనూ అంతే, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఉచితంగా బడి ముందు చదువు చెప్పే ఏర్పాట్లు ప్రభుత్వం చేయవచ్చు అని ఉంది. అక్కడ ఎక్కడా తల్లి మీద బరువు లేదు.

ఇంకో ముచ్చట వినండి. "నిర్బంధ విద్య" అనే మాట వినగానే మనం బెదిరిపోతాం. ఎవరో మనల్ని నిర్బంధిస్తారని అనుకుంటాం. కానీ ఆ చట్టం 8వ సెక్షన్ చదివితే నిర్బంధం ప్రభుత్వానికే! ప్రతి బిడ్డనూ బడిలో చేర్చుకోవడం, హాజరయ్యేలా చూడడం, ఎనిమిదో తరగతి దాకా పూర్తయ్యేలా చూడడం ప్రభుత్వం బాధ్యత. ఆరు నిండాక పిల్లవాణ్ణి బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని 10వ సెక్షన్ చెబుతుంది. అంతేగానీ అరెస్టు చేస్తాం, జరిమానా వేస్తాం అని తల్లిదండ్రుల్ని ఆ చట్టం బెదిరించలేదు.

మరి ఆ డెబ్భై అయిదు శాతం హాజరు? అది ఆ బడివాళ్లు పెట్టుకున్న నిబంధన. ఎల్‌కేజీ పిల్లవాడికి అంత హాజరు ఉండి తీరాలని విద్యాహక్కు చట్టంలో లేదు. వాళ్ల బడిలో వాళ్ల నిబంధన నడుస్తుందేమోగానీ, దాన్ని "గవర్నమెంటు రూలు" అని చెప్తే మాత్రం నమ్మకండి. "ఆ మాట కాగితం మీద రాసివ్వండి" అని మర్యాదగా అడగండి. జ్వరం వచ్చినప్పటి డాక్టరు చీటీ చూపించండి. సగం బెదిరింపులు అక్కడే ఆగిపోతాయి.

ఒకటో తరగతిలో సీటు ఇవ్వరా?

ఇది రెండో భయం. ఇందులో నిజం కొంత, బూచి కొంత. ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లు చాలావరకు వాళ్ల యూకేజీ పిల్లలతోనే నిండిపోతాయి. కాబట్టి "సీట్లు లేవు" అంటే అది నిజమే కావచ్చు. కానీ ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి పిల్లవాడికి పరీక్ష పెట్టడం, తల్లిదండ్రుల్ని ఇంటర్వ్యూ చేయడం తప్పు. 13వ సెక్షన్ ప్రకారం అలా చేస్తే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా వేయవచ్చు. పసిపిల్లలకు నర్సరీలో చేరడానికి పరీక్షలూ ఇంటర్వ్యూలూ ఎత్తెయ్యాలని 1993లోనే ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ చెప్పింది. పసిమెదళ్ల మీద మోత తగ్గించమని ఆ పెద్దాయన మొత్తుకుని ముప్పై ఏళ్లు దాటింది!

ఇక ప్రభుత్వ బడి అయితే, యూకేజీ చదవలేదని ఆరేళ్ల పిల్లవాణ్ణి వెనక్కి పంపే వీలే లేదు. వయసు కాగితం లేదనే కారణంతో కూడా చేర్చుకోకుండా ఉండకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. ఆరు దాటిపోయి ఎప్పుడూ బడికి వెళ్లని పిల్లయినా సరే, వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని ప్రత్యేకంగా చదువు చెప్పాలని 4వ సెక్షన్ ఉంది.

అలాగని జనన ధ్రువపత్రం అశ్రద్ధ చేయకండి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చేటప్పుడు పుట్టినతేదీకి ఆ పత్రమే రుజువు. పురుడు పోసుకున్న 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఏ గొడవా ఉండదు. మీ ఇంట్లో చూలింత ఉంటే ఈ మాట ఇవాళే చెప్పండి.

వేళ్ల మీద లెక్క

ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి కాస్త తేరుకుని, గొంతు తగ్గించి, "వాళ్ల నాన్నగారు ఇంకో మాట అంటున్నారు పిన్నిగారూ... తేదీ ఎలాగోలా ముందుకు జరిపించి, వచ్చే ఏడు నేరుగా ఒకటో క్లాసులో పడేద్దామని" అంది.

నా గుండె ఝల్లుమంది. ఎందుకంటే ఆ పని నేను చేశాను.

మా పెద్దవాడు 1988 సెప్టెంబరులో పుట్టాడు. 1993 జూన్ నాటికి వాడికి నాలుగేళ్ల తొమ్మిది నెలలు. అప్పట్లో ఐదు నిండితేనే ఒకటో తరగతి. మూడు నెలల కోసం ఏడాది పోగొట్టుకోవడమేమిటని, బడిలో చెప్పి జూన్ ఒకటో తేదీ వేయించాం. అప్పట్లో అందరూ చేసేవాళ్లే, అదో తెలివి అనుకునేవాళ్లం. వాడి వేళ్లకు పలక బలపం పట్టే బలం కూడా లేదు. "అ" రాయమంటే వంకర పోయేది. వంకర పోయిందని మెటికల మీద స్కేలుతో కొట్టేవారు. నేను ఇంట్లో మళ్లీ అదే రాయించేదాన్ని. ఎర్రబడ్డ ఆ వేళ్లు చూస్తూ కూడా రాయించాను, అదీ నా పాపం. పదో తరగతి దాకా క్లాసులో అందరికంటే చిన్నవాడు వాడే, ఆటల్లో ఎవరూ జట్టులోకి రానిచ్చేవారు కాదు. తరవాత పాస్‌పోర్టు దగ్గర పుట్టినతేదీలు రెండు ఉన్నాయని తిరిగిన తిరుగుడు వేరే కథ. ఇప్పటికీ వాడికి ఏడాదికి రెండు పుట్టినరోజులు. జూన్‌లో ఆఫీసువాళ్లు కేకు కోయిస్తారు, సెప్టెంబరులో నేను పాయసం చేస్తాను. "మూడు నెలల ముందే రిటైరవుతానమ్మా, నీ పుణ్యమే" అని వాడు నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

ఆ మాట ఆ అమ్మాయికి చెప్పి, క్యాలెండరు తెమ్మన్నాను. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం.

2020 జాతీయ విద్యావిధానం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల దాకా బడి ముందు చదువు, ఆరు నిండాక ఒకటో తరగతి. కేంద్రీయ విద్యాలయాల్లో 2022-23 నుంచే ఆరు నిండినవాళ్లను ఒకటో తరగతిలో తీసుకుంటున్నారు. ఒకటో తరగతికి ఆరేళ్లు ఉండేలా చూడమని కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో అన్ని రాష్ట్రాలకూ రాసింది. మన దగ్గర మాత్రం ఐదు నిండగానే ఒకటిలో వేసే అలవాటు ఎప్పటినుంచో ఉంది. అందుకని మీరు చేర్చదలచుకున్న బడిలో "ఏ తేదీ నాటికి ఎన్నేళ్లు నిండాలి?" అని ముందే అడిగి రాసిపెట్టుకోండి.

బుజ్జిగాడికి ఇప్పుడు నాలుగున్నర. ఆరు నిండాలి అనే బడిలో అయితే వాడి ఒకటో తరగతి ఇంకా రెండేళ్ల దూరం. అంటే మళ్లీ ఎల్‌కేజీ చదివినా, ఒక ఏడాది ఇంటిపట్టునే ఉన్నా, వాడికి పోయేది ఒక్క రోజు కూడా లేదు! ఐదుకే చేర్చుకునే బడి అయినా వచ్చే జూన్ దాకా టైముంది. ఈ లెక్క వేసుకోకుండానే వాళ్లింట్లో రాత్రంతా తగవులాడుకున్నారు.

ఈ రెండేళ్లు ఏం చేయాలి?

దారి ఒకటే కాదు, నాలుగు ఉన్నాయి.

మొదటిది అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం ఇది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలు, కథలు, వేడి అన్నం, బరువు చూడడం, టీకాలు గుర్తుచేయడం అన్నీ అక్కడే. ఆహార భద్రతా చట్టం 2013 ప్రకారం ఆరేళ్లలోపు పిల్లలకు అక్కడ ఉచితంగా తిండి పెట్టాలి. "అది పేదవాళ్లకి కదా" అని ముక్కు చిట్లించకండి. ఒక పూట వెళ్లి చూడండి. టీచరమ్మ పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తోందా, చాపలు శుభ్రంగా ఉన్నాయా, మరుగుదొడ్డి ఉందా చూసుకోండి. బాగా నడిచే కేంద్రాలూ ఉన్నాయి, తాళం వేసుండేవీ ఉన్నాయి. చూడకుండా రెండు మాటలూ అనొద్దు.

రెండోది ప్రభుత్వ బడిలో పూర్వ ప్రాథమిక తరగతి. ఈమధ్య కొన్ని బడుల్లో పెడుతున్నారు. మీ ఊళ్లో ఉందో లేదో బడికి వెళ్లి గానీ మండల విద్యాధికారి కార్యాలయంలో గానీ అడగండి. అక్కడే ఇంకో మాటా అడగండి. ప్రైవేటు బడుల్లో నాలుగో వంతు సీట్లు బడుగు వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని విద్యాహక్కు చట్టం 12వ సెక్షన్. దరఖాస్తు ఎప్పుడు, ఏ తరగతిలో తీసుకుంటున్నారు అన్నది వాళ్లే చెప్తారు.

మూడోది ప్రైవేటు బడి. తాహతు ఉంటే, పిల్లవాడు సంతోషంగా వెళ్తే తప్పేమీ లేదు. చేర్చేముందు మాత్రం 2013 జాతీయ విధానంలో పెట్టిన కొలతలు గుర్తుపెట్టుకోండి. రోజుకు మూడు నాలుగు గంటలే బడి. ఇరవై మంది పిల్లలకు ఒక పెద్దమనిషి తోడు. ఆడుకోవడానికి బయట జాగా. తాగేందుకు మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి. మాట్లాడేది ఇంటిభాష. ఇవి లేకుండా రంగురంగుల గోడలూ, ఏసీ బస్సూ ఎన్ని ఉన్నా దండగే. ఫీజు కట్టేముందు మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో రాయించుకోండి.

నాలుగోది మన ఇల్లు. ఆరేళ్లు వచ్చేదాకా ఇంట్లోనే ఉంచుకోవచ్చు. కాకపోతే ఇంట్లో ఉంచడమంటే ఫోను చేతికిచ్చి మూల కూర్చోబెట్టడం కాదు సుమా! అలా అయితే ఎల్‌కేజీయే నయం. చుట్టుపక్కల ఈడు పిల్లలతో రోజూ ఓ గంట ఆడుకోవాలి. ఇంటిపనిలో వాడికీ ఓ చెయ్యి ఇవ్వాలి.

వంటింట్లో బోలెడంత బడి ఉందండీ. వేరుశెనక్కాయలు ఒలిస్తే వేళ్లకు బలం వస్తుంది, పలక పట్టడానికి కావలసింది అదే. పెసలూ మినుములూ కలిపి ఇచ్చి వేరు చేయమంటే రంగూ ఆకారమూ తెలుస్తాయి. గిన్నెలకు మూతలు వెతికి పెట్టమంటే చిన్నా పెద్దా తెలుస్తుంది. "నాలుగు కంచాలు వెయ్యరా" అంటే అంకెలు వచ్చేస్తాయి. ముగ్గు చుక్కలు పెట్టనిస్తే చెయ్యి తిరుగుతుంది, గీత వంకర పోయినా ఏమనకండి. ఉతికిన బట్టల్లో మేజోళ్లు జతలు కలపమనండి. రాత్రి పడుకునేముందు ఒక కథ చెప్పండి, మర్నాడు ఆ కథ వాడిచేత చెప్పించుకోండి. చొక్కా గుండీలు పెట్టుకోవడం, ఒంటికి వస్తే చెప్పడం, చెయ్యి కడుక్కుని తనంతట తాను అన్నం తినడం... ఇవి వచ్చిన పిల్లవాడు ఒకటో తరగతిలో ఎక్కడా ఆగిపోడు.

కిండర్‌గార్టెన్ అనే మాటకు జర్మన్ భాషలో పిల్లల తోట అని అర్థం. ఫ్రోబెల్ అనే ఆయన 1837లో జర్మనీలో అలాంటి బడి మొదలుపెట్టి, 1840లో ఈ పేరు పెట్టాడు. ఆటలే అక్కడ పాఠాలు. మనం ఆ పేరులోంచి కె, జి అనే రెండక్షరాలు తెచ్చుకున్నాం గానీ తోటను మాత్రం తెచ్చుకోలేదు.

ఒక్క హెచ్చరిక. మూడేళ్లు దాటినా మాటలు రాకపోయినా, పిలిస్తే పలక్కపోయినా, కళ్లలోకి చూడకపోయినా "ఆలస్యంగా వస్తాయిలే" అని ఊరుకోకండి. అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చే బాల స్వాస్థ్య వైద్య బృందాలకు చూపించండి. వైకల్యం ఉన్న పిల్లలకు 2016 చట్టం ప్రకారం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఉంది.

అమెరికా అమ్మమ్మలకు

ఇదంతా మన ఊళ్ల సంగతి. పిల్లలు పరదేశంలో ఉన్నవాళ్లకు మాత్రం లెక్క మారుతుంది. అక్కడ కొన్నిచోట్ల తప్పనిసరి అంటే నిజంగా తప్పనిసరే.

ఒక పాఠకురాలు రాశారు. ఆవిడ కూతురు టెక్సాస్‌లో ఉంది. మనవరాలికి ఐదేళ్లు, ఆగస్టులో కిండర్‌గార్టెన్‌లో వేస్తున్నారు. నవంబరులో తాతగారి షష్టిపూర్తి. "ఆరు వారాలు తీసుకురమ్మంటే, బడి ఒప్పుకోదంటోంది మా అమ్మాయి. ఐదేళ్ల పిల్లకు బడేమిటండీ, నా మీద ప్రేమ లేక చెప్పే సాకు కాదూ?" అని అడిగారు.

సాకు కాదమ్మా. టెక్సాస్‌లో సెప్టెంబరు 1 నాటికి ఆరేళ్లు నిండిన పిల్లలకే బడి నిర్బంధం. ఐదేళ్లకు కిండర్‌గార్టెన్‌లో వేయకపోయినా ఎవరూ అడగరు. కానీ ఒకసారి చేర్చారంటే హాజరు చట్టం ఆ పిల్లకూ వర్తిస్తుంది. బడి నడిచిన రోజుల్లో నూటికి తొంభై రోజులు హాజరు ఉండాలన్న నిబంధన కూడా అక్కడ కిండర్‌గార్టెన్ నుంచే మొదలు. మతపరమైన పండగ రోజుకు సెలవు ఇస్తారు గానీ, షష్టిపూర్తికి ఆరు వారాలంటే కష్టమే. అందుకని ముందే బడివాళ్లతో మాట్లాడమనండి. పూర్తిగా పేరు తీయించి వచ్చి మళ్లీ చేర్చవచ్చా, లేకపోతే ఆ ఏడాదికి చేర్చడమే మానుకోవచ్చా అన్నది కనుక్కున్నాకే టిక్కెట్లు కొనమనండి. అదీ కుదరకపోతే ముహూర్తం శీతాకాలం సెలవులకు సర్దుకోండి.

అక్కడ రాష్ట్రానికో పద్ధతి. జార్జియాలో ఆరేళ్లలోపు పిల్లను సర్కారు బడిలో చేర్చి ఇరవై బడి రోజులు గడిస్తే, ఆ పిల్లకూ నిర్బంధం పట్టుకుంటుంది. వర్జీనియా, మేరీల్యాండుల్లో ఐదేళ్లకే నిర్బంధం, అయితే పిల్ల ఇంకా సిద్ధంగా లేదని తల్లిదండ్రులు రాసిస్తే ఏడాది ఆగవచ్చు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎనిమిదేళ్ల దాకా నిర్బంధమే లేదు. కాలిఫోర్నియాలో కిండర్‌గార్టెన్‌ను తప్పనిసరి చేయబోతే 2022లో గవర్నరు ఆ బిల్లును తిప్పికొట్టారు. అక్కడ నిర్బంధం ఆరేళ్ల నుంచే. ఇంగ్లండులో ఐదు నిండిన తర్వాత వచ్చే టర్ము నుంచి చదువు నిర్బంధం. ఫ్రాన్సులో అయితే 2019 నుంచి మూడేళ్లకే! కాబట్టి అమ్మాయి, కోడలు "బడి ఉంది అత్తయ్యా, రాలేం" అంటే నిష్ఠూరపడకండి. "మీ రాష్ట్రంలో ఎన్నేళ్లకు? చేర్చాక ఎన్ని రోజులు మానవచ్చు?" అని అడగండి. వాళ్లూ సంతోషిస్తారు, మనకూ విషయం తెలుస్తుంది.

ఆఖరికి ఏమైందంటే...

బుజ్జిగాడి గాజులు... అదే, వాళ్లమ్మ గాజులు చేతికే ఉన్నాయి. మర్నాడు పొద్దున్న ఇద్దరం కలిసి మా వీధి చివర అంగన్‌వాడీకి వెళ్లాం. వాడు నా చీర కుచ్చిళ్లు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. టీచరమ్మ రమ్మని లాగలేదు. లోపల ఇసక పళ్లెంలో పిల్లలు గీతలు గీస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. అరగంటకి చెప్పులు విప్పాడు. అంతే, ఆ రోజుకి అంతే.

రెండు వారాలైంది. పక్క తడపడం తగ్గిందిగానీ పూర్తిగా మానలేదు. వాళ్లాయన ఇంకా "ఇంగ్లీషు రాదేమో" అని గొణుగుతూనే ఉన్నాడు. అత్తగారు మాత్రం మనవడితో కలిసి చిక్కుళ్లు వలుస్తున్నారు. వచ్చే జూన్‌లో మళ్లీ కూర్చుని, వాడి వయసూ, వాడి మొహమూ చూసి నిర్ణయించుకుంటారు. తేదీ మార్చే మాట మాత్రం ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

మన పెద్దవాళ్లు ఐదో ఏట పళ్లెంలో బియ్యం పోసి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టి అక్షరం దిద్దించేవారు. ఆ చెయ్యి పట్టుకోవడంలో తొందర లేదు. నేను తొందరపడ్డాను. మీరు పడకండి.

మీ ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే ఇవాళ ఓ పని చేయండి. క్యాలెండరు తీసి, వాడికి ఆరు నిండే తేదీ దగ్గర ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టండి. అప్పటిదాకా ఎన్ని నెలలు ఉన్నాయో లెక్కపెట్టి చూడండి. మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి!